నడకకూ ఒక మాత్ర ఉంది

మందుకు మాత్ర ఉన్నట్లే నడకకూ మాత్ర ఉంది. ఇక్కడ మాత్ర అంటే బిళ్ళ కాదు, పరిమాణం. ఔషధం తగిన మాత్రలో అమృతమనీ, మాత్ర మించితే అదే అనర్థమనీ మనమందరం ఒప్పుకుంటాము. నడక దగ్గరకు వచ్చేసరికి మాత్రం "ఎంత నడిస్తే అంత మంచిది" అనే మాటను మారు ప్రశ్న లేకుండా నమ్ముతాము. అది సగం సత్యమే అని నా అభిప్రాయం.

ముప్పై సంవత్సరాలకు పైగా ఆయుర్వేద వైద్యవృత్తిలో ఉన్న నా వద్దకు రెండు రకాల వారు వస్తుంటారు. పదవీ విరమణ చేసిన మరునాటి నుండి పడక కుర్చీని వదలనివారు మొదటి రకం. "ఇక విశ్రాంతి తీసుకోవలసిన వయసు కదండీ" అంటారు. రక్తంలో చక్కెర పెరిగిందని తెలియగానే ఏనాడూ లేనిది ఒక్కసారిగా రోజుకు గంటన్నర నడక ప్రారంభించి, నెల తిరగకుండానే మడమ నొప్పితోనో, మోకాలి వాపుతోనో వచ్చేవారు రెండవ రకం. మొదటివారికి నడక లేక రోగం, రెండవవారికి నడకే రోగం. ఇరువురికీ కొరవడినది మాత్రా జ్ఞానమే.

2023 మే నెలలో నేనూ నా శ్రీమతీ స్కాట్లాండ్ దేశంలోని వెస్ట్ హైలాండ్ వే అనే సుదీర్ఘ కాలిబాటలో నడిచాము. అప్పటికి నా వయసు 62, ఆమె వయసు 58. ఆ బాట మొత్తం పొడవు 154 కిలోమీటర్లు. మేము నడిచినది సుమారు 130. చివరి 24 కిలోమీటర్లు ఉద్దేశపూర్వకంగానే వదిలివేశాము. "అంత దూరం వెళ్ళి పూర్తి చేయకుండా వచ్చారా?" అని ఈనాటికీ బంధుమిత్రులు అడుగుతూనే ఉన్నారు. ఆ ప్రశ్నలోనే మన కాలపు పొరపాటు ఆలోచన ఒకటి దాగి ఉన్నదని నాకు తోస్తుంది.

శాస్త్రం చెప్పిన మూడు మాటలు

మనం "నడక" అనే ఒకే మాటతో పిలిచే దానిని ఆయుర్వేదం మూడు విధాలుగా చూసింది. మొదటిది వ్యాయామం. శరీరానికి ఆయాసం కలిగించే ప్రతి చర్యా వ్యాయామమే కనుక, వేగంగా నడవడం, కొండ ఎక్కడం ఇందులో చేరతాయి. రెండవది చంక్రమణం, అంటే దేహాన్ని మిక్కిలి బాధించని తీరు నడక. ఇది ఆయువును, బలాన్ని, మేధను, జఠరాగ్నిని వృద్ధి చేస్తుందనీ, ఇంద్రియాలను చురుకుపరుస్తుందనీ సుశ్రుతాచార్యుడు ప్రశంసించాడు. మూడవది అధ్వం, అనగా దూర మార్గ ప్రయాణం. అధ్వం కఫాన్నీ, స్థూలత్వాన్నీ తగ్గిస్తుంది. అయితే వర్ణాన్నీ, సౌకుమార్యాన్నీ కూడా హరిస్తుందని అదే ఆచార్యుడు చెప్పాడు. అతి అధ్వం వలన శరీరం శుష్కించిపోతుందని ఆయన మరొకచోట హెచ్చరించాడు.

వాగ్భటుడు మరింత స్పష్టంగా చెప్పాడు. బలవంతుడు సైతం తన శక్తిలో సగం వరకే వ్యాయామం చేయాలట. దీనినే అర్ధశక్తి అంటారు. అతిగా వ్యాయామం చేసేవాడిని, అతిగా మార్గం నడిచేవాడిని ఆయన ఏనుగును ఈడ్చబోయి నశించే సింహంతో పోల్చాడు. సింహానికి బలం లేక కాదు, తన బలానికి హద్దు తెలియక ఆ గతి పట్టిందన్నమాట.

నేడు చేతి గడియారాలూ, ఫోన్లూ అడుగులు లెక్కబెడుతున్నాయి. రోజుకు పదివేల అడుగులు వేయనిదే ఆరోగ్యం లేదన్నట్లు కొందరు రాత్రి భోజనమైన తరువాత హాలులో అటూ ఇటూ తిరిగి లెక్క పూర్తి చేస్తున్నారు. ఈ పదివేల సంఖ్య ఏ వైద్య పరిశోధనలోనూ పుట్టినది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల లెక్క యంత్రానికి "పదివేల అడుగుల కొలమానం" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ పేరే లోకమంతటా సూత్రమైపోయింది. వారానికి మొత్తం 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ పెద్దలకు మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అది కాలాన్ని చెప్పింది గానీ అడుగులను చెప్పలేదు. మన ఆచార్యులు కాలాన్ని కూడా చెప్పలేదు, శరీరం ఇచ్చే గుర్తులను చెప్పారు. నుదుట, ముక్కుపైన, చంకలలో చెమట పట్టడం, నోరు ఎండడం, ముక్కుతో చాలక నోటితో శ్వాస తీయవలసి రావడం అర్ధశక్తికి లక్షణాలు. ఈ గుర్తులు ఇరవై ఏళ్ళవాడికి ఒక గంటకు కనిపిస్తే, అరవై ఏళ్ళవాడికి పది నిమిషాలకే కనిపించవచ్చు. ఎవరి కొలబద్ద వారి దేహంలోనే ఉన్నది.

ఆ బాట, ఆ నేల

మా అమ్మాయి, అల్లుడు గ్లాస్గో నగరంలో ఉద్యోగం చేస్తున్నారు. పిల్లల వద్దకు విదేశాలకు వెళ్ళిన మన పెద్దలు చాలామంది ఆరు నెలలూ నాలుగు గోడల మధ్య కూర్చొని, బరువు పెరిగి, నిద్ర చెడి తిరిగి వస్తుంటారు. అలా కాకూడదనే మేము ఈ నడకను ఎంచుకున్నాము. వెళ్ళడానికి మూడు నెలల ముందు నుండీ మా ఊరి చెరువు గట్టు మీద అరగంటతో ప్రారంభించి, క్రమంగా రెండు గంటల వరకు అభ్యాసం చేశాము.

వెస్ట్ హైలాండ్ వే 1980 అక్టోబరు 6న అధికారికంగా ప్రారంభమయింది. స్కాట్లాండ్‌లో ప్రభుత్వ గుర్తింపు పొందిన మొట్టమొదటి దూరపు కాలిబాట ఇదే. గ్లాస్గో శివార్లలోని ఊరిలో మొదలవుతుంది. ఆ ఊరి పేరు రాతలో మిల్న్‌గావీ, పలకడంలో మల్‌గై. అక్కడి నుండి ఉత్తరంగా సాగి, బ్రిటన్‌లో అత్యున్నతమైన బెన్ నెవిస్ పర్వతం (1,345 మీటర్లు) పాదం వద్ద ఉన్న ఫోర్ట్ విలియం పట్టణంలో ముగుస్తుంది. పూర్వం పశువులను సంతలకు తోలుకుపోయిన దారులు, 18వ శతాబ్దంలో సైన్యం కోసం వేసిన బాటలు కొన్నిచోట్ల ఈ మార్గంలో కలిసిపోయాయి. ముళ్ళపువ్వు గుర్తు చెక్కిన కొయ్య స్తంభాలు దారి చూపిస్తాయి. నడవడానికి రుసుము లేదు. బరువైన సంచులను ప్రతిరోజూ వాహనంలో తరువాతి మజిలీకి చేర్చేవారు ఉన్నారు కనుక, మేము నీళ్ళూ, వానకోటూ, కొద్దిపాటి ఆహారం మాత్రమే మోశాము.

మొదటి రోజు పొలాల మధ్య, దాదాపు చదునైన దారిలో 19 కిలోమీటర్లు. రెండవ రోజు 361 మీటర్ల కానిక్ కొండ. దాని మీద నుండి చూస్తే లాఖ్ లోమండ్ దీవులతో సహా కనుచూపు మేరా పరుచుకొని ఉంటుంది. అక్కడి వాడుకలో లాఖ్ అంటే సరస్సు. సముద్రం లోపలికి చొచ్చుకు వచ్చిన పాయను కూడా లాఖ్ అనే అంటారు. బ్రిటన్ ద్వీపంలో వైశాల్యం రీత్యా అతి పెద్ద మంచినీటి సరస్సు లోమండే, దాదాపు 71 చదరపు కిలోమీటర్లు. దాని తూర్పు ఒడ్డు వెంట సిందూర జాతి వృక్షాల అడవిలో మూడు రోజులు నడిచాము. చెట్ల కింద నేలంతా నీలిపూలు.

ఆ ఒడ్డునే నాకు మాత్రను గురించిన మొదటి పాఠం దొరికింది. ఇన్వర్‌స్నెయిడ్ నుండి ఇన్వరార్నన్ వరకు దూరం సుమారు 11 కిలోమీటర్లే. కానీ బాట పొడవునా రాళ్ళు, తడిసిన వేళ్ళు, చేతులు ఆనించి దిగవలసిన బండలు. మొదటి రోజు 19 కిలోమీటర్లకు ఎంత సమయం పట్టిందో ఈ 11 కిలోమీటర్లకూ అంత సమయమే, ఆరు గంటలు పట్టింది. దూరంతో శ్రమను కొలవరాదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లోనే ఒక సూత్రం చెప్పాడు. గంటకు మూడు మైళ్ళ చొప్పున లెక్క కట్టి, ఎక్కవలసిన ప్రతి రెండు వేల అడుగుల ఎత్తుకూ మరొక గంట కలపాలని. కొండ నడకకు ఇది ఉపయోగకరమైన లెక్కే. అయితే నడిచేవాని వయసు, బలం, ముందురాత్రి నిద్ర ఆ లెక్కలోకి రావు. వాటిని మనమే కలుపుకోవాలి.

ఆరవ రోజు సాయంకాలానికి టిండ్రమ్ చేరి, అక్కడ ఒక పూర్తి దినం విశ్రమించాము. ఎనిమిదవ నడకనాడు రానొక్ మూర్ దాటాము. మూర్ అంటే చెట్టు చేమ లేని, నీరు పీల్చుకున్న నల్లని పీట్ నేల. నీరు నిలిచి, గాలి చొరక, మొక్కలు పూర్తిగా కుళ్ళక పొరలు పొరలుగా పేరుకొనగా ఏర్పడినది. ఈ మూర్ మీదుగా 1894లో ప్రారంభమైన రైలు మార్గం వేసేటప్పుడు కట్ట కుంగిపోకుండా చెట్ల కొమ్మలు, బూడిద, మట్టి పరిచి దాని మీద పట్టాలు తేల్చవలసి వచ్చిందట. ఆ నేలలో స్ఫాగ్నమ్ అనే నాచు మెత్తగా పరుచుకొని ఉంటుంది. తన బరువుకు ఎన్నో రెట్లు ద్రవాన్ని పీల్చుకొనే ఈ నాచును శుభ్రపరచి, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల గాయాలకు కట్లుగా వాడారు. బాగ్ మర్టిల్ అనే సువాసన గల పొద కూడా ఆ తడి నేలలో పెరుగుతుంది. వేసవిలో మిడ్జ్ అనే కంటికి కనిపించీ కనిపించని దోమవంటి పురుగులు గుంపులుగా ముసురుతాయి. వాటిని తోలడానికి అక్కడివారు పూర్వం నుండీ ఈ పొద ఆకును వాడుతున్నారు. మనకు వేపాకు పొగ ఎలాగో వారికి అది అలాగ. ఏ నేల రోగానికి ఆ నేలలోనే మందు వెతుక్కోవడం అన్ని దేశాల గృహిణులకూ తెలిసిన విద్య.

ఆయుర్వేదం దేశాన్ని జాంగలం, ఆనూపం, సాధారణం అని విభజించింది. నీరు సమృద్ధిగా ఉండి, చల్లని గాలులు వీచే ఈ సీమ చాలావరకు ఆనూప లక్షణాలు కలది. కఫవాతాలు ప్రబలే చోటు. మే నెలలోనూ అక్కడి ఉదయం మన హేమంతాన్ని తలపించింది. శీతకాలంలో, వసంతంలో అర్ధశక్తి వరకు వ్యాయామం చేయవచ్చుననీ, తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించాలనీ శాస్త్రం. కనుక అక్కడ మే నెలలో ఐదారు గంటలు నడిచినది చూసి, ఇక్కడ రోహిణీ కార్తెలో గంట నడవరాదు. మన గ్రీష్మంలో తెల్లవారుజామున ఇరవై నిమిషాలు చాలు. నెల ఒకటే, మనిషి ఒకడే. దేశకాలాలు మారినందున మాత్ర మారింది.

వదిలిన 24 కిలోమీటర్లు

తొమ్మిదవ నాడు డెవిల్స్ స్టెయిర్‌కేస్ అనే మెలికల దారిని ఎక్కాము. ఈ బాట మొత్తంలో అత్యున్నత స్థానం అదే, సుమారు 550 మీటర్లు. ఎక్కేటప్పుడు ఇరువురమూ పదేపదే నిలబడి ఊపిరి తీసుకున్నాము. మమ్మల్ని దాటిపోయే యువకులలో కొందరు తమ ఆయాసం బయటపడకుండా బిగబట్టడం గమనించాను. ఆపకూడని పదమూడు వేగాలలో శ్రమ వలన కలిగే శ్వాస కూడా ఒకటని చరకుడు చెప్పాడు. ఆయాసం వచ్చినప్పుడు నిలబడడం సిగ్గుపడవలసిన విషయం కాదు. మూత్ర వేగం సంగతీ ఇంతే. మరుగు లేని మూర్ మీద ఇబ్బందని ఆడవారు నీళ్ళు తాగడమే మానేస్తారు. మన ఊళ్ళలో బస్సు ప్రయాణాలలోనూ ఇదే జరుగుతుంది. నీరు మానడం, వేగాన్ని ఆపడం, రెండూ మూత్రాశయానికి కీడు. నా శ్రీమతి ఒక వెడల్పాటి శాలువను మరుగుగా వాడుకొని ఈ చిక్కును తీర్చుకున్నది.

అసలు పరీక్ష ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు వచ్చింది. ఆ ఎత్తు నుండి సముద్రపాయ ఒడ్డున ఉన్న కిన్‌లాఖ్‌లెవెన్ వరకు అంతా దిగుడే. ఎక్కుడు గుండెను అలసిస్తే దిగుడు మోకాళ్ళను అలసిస్తుంది. అలిపిరి మెట్లు ఎక్కి తిరుమలకు వెళ్ళినవారిలో నా వద్దకు మోకాలి నొప్పితో వచ్చేవారు ఎక్కువగా తిరిగి మెట్ల మీదనే దిగివచ్చినవారే. ఆ సాయంత్రానికి నా శ్రీమతి కుడి మోకాలు వాచింది. మిగిలినది ఒక్క రోజు, 24 కిలోమీటర్లు. అయితే పది రోజుల నడకలో అదే అతి దీర్ఘమైనది. మధ్యలో ఊరు లేదు, తల దాచుకునే చోటు లేదు.

ఆ రాత్రి అల్లుడు ఫోన్ చేసి, "ఇంకొక్క రోజే కదా మామయ్యగారూ, ఒక నొప్పి బిళ్ళ వేసుకుంటే అత్తయ్యగారు నడిచేస్తారు" అన్నాడు. ప్రేమతో అన్న మాటే. కానీ నొప్పి అనేది దేహం పంపే వర్తమానం. బిళ్ళతో ఆ వర్తమానాన్ని నొక్కి, వాచిన కీలు మీద 24 కిలోమీటర్ల బరువు మోపడం చికిత్స కాదు. "మీరు వెళ్ళి రండి, నేను బస్సులో వస్తాను" అని నా శ్రీమతి అన్నది. "కలిసి బయలుదేరాము, కలిసే ఆపుదాము" అన్నాను. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, "నా మోకాలి వల్ల మీ నడక పోయిందని రేపు అనరు కదా" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను బాధించింది. మన ఇళ్ళలో ఎందరు స్త్రీలు ఈ ఒక్క భయంతోనే తమ నొప్పిని దాచుకొని యాత్రలలో, పెళ్ళిళ్ళలో, వంటింట్లో నిలబడిపోతున్నారో వైద్యుడిగా నాకు తెలుసు. నడక మాత్రను నిర్ణయించవలసింది అందరికన్న బలవంతుడు కాదు, అందరికన్న అలసినవారు. ఇది కుటుంబానికంతటికీ వర్తించే సూత్రం.

మరునాడు ఇరువురమూ బస్సెక్కి ఫోర్ట్ విలియం చేరాము. వారం రోజుల విశ్రాంతితో ఆమె మోకాలి వాపు తీసింది. నెల తరువాత మళ్ళీ ఉదయపు నడకకు వచ్చింది. నేటికీ రోజూ నడుస్తున్నది. ఈ బాటను 35 గంటలలోపు పరుగెత్తి ముగించే పోటీ ఏటా జూన్‌లో జరుగుతుంది. ఏళ్ళ తరబడి సాధన చేసినవారు అందులో పాల్గొంటారు, వారిని నేను తప్పు పట్టను. కానీ వారి అర్ధశక్తి మన పూర్ణశక్తికి ఎన్నో రెట్లు. ఒకరి ఆరోగ్యానికి మరొకరి రికార్డు కొలత కాజాలదు.

గృహస్థులకు కొన్ని సూచనలు

దూరపు బాటకు వెళ్ళినా, వీధి చివరి వరకే వెళ్ళినా ఈ నియమాలు ఉపకరిస్తాయి.

నడిచేటప్పుడు పక్కవారితో మాట్లాడగలిగినంత వేగమే మీ వేగం. మాట తెగిపోతున్నదంటే తగ్గించండి. పెంచదలచుకుంటే వారానికి ఐదు నిమిషాలకు మించి పెంచవద్దు.

పాదరక్షలు ధరించడం, చేతికర్ర పట్టడం, గొడుగు వేసుకోవడం దినచర్యలో భాగాలని చరకసంహిత చెబుతున్నది. తూలినప్పుడు కర్ర నిలబెడుతుంది, దిగుడులో మోకాళ్ళ భారాన్ని పంచుకుంటుంది. కర్ర పట్టడం ముసలితనమని భావించకండి. హైలాండ్స్‌లో ఇరవై ఏళ్ళవారు రెండు చేతులా రెండు కర్రలు పట్టి నడుస్తున్నారు. గొడుగు మాత్రం ఆ గాలికి నిలవదు, అక్కడ వానకోటే శరణ్యం. కొత్త చెప్పులతో, కొత్త బూట్లతో దూరం నడవవద్దు.

రాత్రి గోరువెచ్చని నీటితో పాదాలు కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడిచి, గోరువెచ్చని నువ్వుల నూనెతో పాదాభ్యంగనం చేసుకోవాలి. బడలిక తీరుతుంది, నిద్ర పడుతుంది. పొక్కులు లేచిన చోట, పుండ్ల మీద నూనె రాయవద్దు. పొక్కును చిదపవద్దు. పొడిగా, శుభ్రంగా కప్పి ఉంచండి. వాచి వేడిగా ఉన్న కీలును మర్దన చేయవద్దు, విశ్రాంతినివ్వండి.

నడకకు ముందు కడుపు నిండా తినరాదు, ఖాళీ కడుపుతో దూరం పోరాదు. అక్కడివారు ఉప్పు వేసి కాచుకొనే ఓట్ల జావ మా ఉదయపు ఆహారమయింది. మనకు రాగి జావ ఉన్నది. దారిలో నువ్వుల ఉండలు, ఖర్జూరాలు, పేలపిండి చాలు. చలి ప్రదేశంలో మజిలీ చేరగానే శొంఠి, ధనియాలు వేసి కాచిన కషాయం ఒంటికి హితం.

మధుమేహం ఉన్నవారు ప్రతి రాత్రి అరికాళ్ళను అద్దంలో చూసుకోవాలి. చక్కెర తగ్గించే మందులు వాడేవారు తీపి పదార్థం వెంట ఉంచుకోవాలి. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు వైద్యుని సలహా లేనిదే కొండలు ఎక్కరాదు. ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం కలిగితే ఇల్లు చేరుదామని నడక సాగించక, అక్కడే ఆగి వెంటనే వైద్య సహాయం పొందాలి.

కూర్చున్నవారు లేచి నడవాలి, పరుగు తీస్తున్నవారు నిదానించాలి. నేడు నడిచినది రేపు కూడా నడవగలిగేటట్లు ఉంటేనే అది సరైన మాత్ర. పూర్తి చేసిన దారి ఒక జ్ఞాపకం మాత్రమే. రేపటి ఉదయం నొప్పి లేకుండా గడప దాటగలిగిన పాదాలు మాత్రం సంపద. ఆ సంపదను కాపాడుకోవడమే నడకకు పరమ ప్రయోజనం.